చివరి పన్నెండు మెట్లు

మా మామయ్యకి చెవి మందగించిందని ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసిందనుకున్నాను. మా అత్తయ్యకి అంతకు ముందే తెలుసని తర్వాత తేలింది. ఇద్దరం ఎవరికి వాళ్ళం నోరు కుట్టేసుకుని కూర్చున్నాం. ఆ వానాకాలమంతా మా ఇంట్లో అసలు సంగతి తెలియని మనిషి ఆయనొక్కరే అనుకున్నాం. అదీ తప్పే.

మా పని పాత కరెంటు ఆర్గన్లు బాగుచెయ్యడం. ఇప్పటి కీబోర్డుల్లా చంకలో పెట్టుకుని పోయేవి కావవి. పెద్ద చెక్కపెట్టె, నలుగురు మనుషులు పడితే గానీ గుమ్మం దాటదు. లోపల ఒక మోటారు, దానికో పొడుగాటి ఇరుసు, ఆ ఇరుసు తిప్పే పళ్ళ చక్రాలు తొంభై ఒకటి. ఒక్కో చక్రం పక్కన పెన్సిలంత అయస్కాంతపు కడ్డీ ఉంటుంది. చక్రం తిరుగుతుంటే ఆ కడ్డీకి చుట్టిన తీగలో స్వరం పుడుతుంది. కడ్డీని చక్రానికి వెంట్రుకవాసి దగ్గరికి జరిపితే ఆ స్వరం గట్టిపడుతుంది, దూరం జరిపితే మెత్తబడుతుంది. ఆ కడ్డీని పట్టి ఉంచేది చిన్న స్క్రూ. సరిగ్గా కుదిరాక ఆ స్క్రూ కదలకుండా తల మీద ఒక చుక్క గోళ్ళ రంగు వెయ్యాలి. దాన్ని మేం సీలు అంటాం.

ఆ రంగు సీసా ఎప్పుడూ మామయ్య చొక్కా జేబులోనే ఉండేది. అత్తయ్య ఎప్పుడో కొనుక్కుని, ఒక్కసారి వేసుకుని, "ఛీ, ఇదేం ఎరుపు" అని పక్కన పడేసిన సీసా అది. చిక్కబడినప్పుడల్లా రెండు చుక్కలు థిన్నర్ పోసి పోసి దాని రంగు కమిలిపోయింది. నేను కోడలిగా వచ్చిన ఆరేళ్లలో ఆయన నాకు అన్నీ నేర్పారు. సోల్డరింగ్, తీగ చుట్టడం, వేళ్ళతో నొక్కే మెట్ల కింద తుప్పు గీకడం, అన్నీ. సీలు మాత్రం తనే వేసేవారు. "సీలు పడిన స్క్రూ ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా" అనేవారు. ఊరంతా ఆయన్ని చెవి మాస్టారంటుంటే, ఆయన చెవి విని వేసిన సీలుని ముట్టుకోవడానికి నాకేం పని?

పరీక్ష చేసే పద్ధతి కూడా ఆయనదే. ఆయన మెట్ల ముందు కూర్చుంటారు. నేను ఆర్గన్ వెనక, విప్పేసిన చెక్క దగ్గర, చేతిలో సోల్డరింగ్ పుల్లతో నిలబడతాను. ఇద్దరి మధ్యా ఆ పెట్టె, మొహాలు కనిపించవు. ఆయన ఆర్గన్ పలికే గొంతుల్లో అన్నిట్లోకీ సన్నటిదొక్కటే తెరిచి, కింది నుంచి పైకి ఒక్కో మెట్టూ నొక్కుతూ "ఉంది" అనో "లేదు" అనో చెబుతారు. లేదంటే నేను వెతుకుతాను. బాగుంది, పర్లేదు, చూద్దాం లాంటి మాటలు మా షెడ్డులో చెల్లవు.

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే ఒక ఆర్గన్ తిరిగొచ్చింది. బాగుచేసి పంపి నెల కూడా కాలేదు. "పైన కీచుమంటోందండీ, వినలేకపోతున్నాం" అన్నాడు తెచ్చినాయన.

"మీ హాల్లో గోడలు అలాంటివి. కర్టెన్లు కట్టుకోండి" అన్నారు మామయ్య.

పది రోజులకి ఇంకొకటి. ఈసారి చెప్పింది ఒక పెద్దావిడ. పైమెట్లు నొక్కితే మా కుక్క మంచం కింద దూరుతోందని చెప్పింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. మామయ్య మాత్రం నవ్వలేదు.

"జనానికి మెత్తటి సౌండు అలవాటైపోయింది. నిజం స్వరం వింటే ఓర్చుకోలేరు" అన్నారు.

నేనూ తలూపాను. ఆయన చెవిని అనుమానించడమంటే ఇంటి గడియారాన్ని అనుమానించినట్టే మాకు.

అందరూ టీచరమ్మ అని పిలిచే ఒకావిడ ఆర్గన్ వచ్చింది ఆ తర్వాతే. ఆవిడ ఒక పాటల హాల్లో ముప్ఫై ఏళ్లుగా వాయిస్తోంది. హాలుకి మరమ్మతులు జరుగుతున్నాయి, వానలు వెనకపట్టగానే మళ్ళీ తెరుస్తారు. ఆవిడ గొడుగు మూసుకుంటూ వచ్చి నేరుగా విషయం చెప్పేసింది.

"మాస్టారూ, మా హాలు సెక్రటరీ కొత్త కీబోర్డు ఒకటి చూసి పెట్టుకున్నాడు. మీరు చేసినవి రెండు కీచుమన్నాయని ఎక్కడో విన్నాడు. తెరిచే రోజు ఇది పాడిందా, హాల్లో ఉంటుంది. కీచుమందా, పాత సామాన్ల వాడి బండెక్కుతుంది. నా మాట ఇంక చెల్లదు."

"మీరు వెళ్ళి నిశ్చింతగా పడుకోండి" అన్నారు మామయ్య.

వెనక చెక్క విప్పేసరికి నా తల తిరిగింది. చక్రాలకి నూనె అందించడానికి సన్నటి నూలుదారాలుంటాయి. ఎవరో మహానుభావుడు ఆర్గన్ నూనె బదులు సైకిలు చెయిన్ నూనె పోశాడు. దారాలన్నీ జిగురు పట్టి గట్టిపడిపోయాయి. చక్రాలు సగం తిరగట్లేదు. ఒక్కో దారాన్నీ కడిగి, ఆరబెట్టి, అసలు నూనె పోసి, అది దారం పొడుగునా పాకేదాకా రెండు వారాలు ఆగాం. నూనె తొందరపెడితే పాకదు. ఆ రెండు వారాలూ వాన ఒక్కపూట ఆగలేదు. షెడ్డు రేకుల మీద ఆ మోతకి మామయ్య "ఏంటీ? ఏంటన్నావ్?" అని అడిగినప్పుడల్లా నేను వాననే తిట్టుకున్నాను.

పరీక్ష మొదలుపెట్టిన రోజు వాన లేదు. ఆ సంగతి నాకు బాగా గుర్తు.

"ఉంది... ఉంది... లేదు."

వెతికాను, వైరు తెగింది, అతికాను.

"ఉంది... ఉంది..."

అలా పైకి వెళ్ళాం. చివరి పన్నెండు మెట్లలోకి వచ్చేసరికి ఒక వైరు అతుకు బలహీనంగా కనిపిస్తే, ఆయన అక్కడికి వచ్చేలోపు కొత్తది వేద్దామని ఊడదీశాను. వేడి చెయ్యడం ఆలస్యమైంది. వైరు నా వేళ్ళ మధ్యే ఉంది. ముందు నుంచి మెట్టు టక్కుమంది. స్వరం రాలేదు. ఎలా వస్తుంది, నా చేతిలో ఉంటే?

"ఉంది" అన్నారు మామయ్య.

నేను వైరు వంక చూశాను. ఆయన తర్వాతి మెట్టుకి వెళ్ళిపోయారు. "ఉంది" అన్నారు దానికి కూడా. నేను లేదనలేదు. మిగతావన్నీ అయ్యాక చప్పుడు చెయ్యకుండా ఆ వైరు అతికేశాను. రెండు ఆర్గన్లు ఎందుకు తిరిగొచ్చాయో, ఆ కుక్క మంచం కింద ఎందుకు దూరిందో నాకప్పుడు అర్థమైంది. పై స్వరాలు ఆయనకి అందట్లేదు. అందట్లేదు గనక కడ్డీలు దగ్గరికి జరుపుతున్నారు. ఆయనకి లీలగా వినపడేసరికి మిగతా లోకం చెవులు మూసుకుంటోంది.

ఇంట్లోకి వెళ్తే అత్తయ్య వసారాలో తడి బట్టలు తీగ మీద జరుపుతోంది. నా మొహం చూసి, "తెలిసిందా?" అంది.

"ఏం తెలియాలి?"

"ఆయన ఫోను రింగు నేనెందుకు మార్చాననుకున్నావ్? ఇదివరకు కిచకిచమనేది, ఆయన తీసేవారు కాదు. ఇప్పుడు లావు గొంతు రింగు పెట్టాను. కిందటి చలికాలంలోనే."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు చెప్పు చూద్దాం" అంది. అని ఒక చొక్కా విదిలించింది, నీళ్ళన్నీ నా మీద పడ్డాయి.

మా ఆయనకి చెబుదామంటే ఆయన లారీలో సరుకుతో పాటు వారానికి ఐదు రోజులు రోడ్డు మీదే. ఫోన్లో చెప్పే మాట కాదు. నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే పిరికిదాన్ని. పనికొచ్చిన కొత్తలో నేనొక అతుకు చెడగొడితే, "చెడగొట్టు, పర్లేదు, నేనున్నాగా వినడానికి" అన్న మనిషి ఆయన. ఆ మనిషి దగ్గరికెళ్ళి మీరింక వినలేరని ఎలా అంటాను?

మర్నాటి నుంచి మామయ్య పై పన్నెండు స్వరాలూ సరిచెయ్యడం మొదలుపెట్టారు. "పైన మందంగా ఉంది అమ్మాయ్, ఎత్తాలి" అంటూ కడ్డీలు లోపలికి జరిపి, సీలు వేశారు. నొక్కి చూస్తే నా పళ్ళు జివ్వుమన్నాయి. ఇలాగే హాలుకి వెళ్తే ఆర్గన్ బండెక్కడం ఖాయం.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. నా జీవితంలో ఇంత బుద్ధితక్కువ పని ఇంకోటి చెయ్యలేదు.

పొద్దున్నే ఆయన పేపరు కోసం వీధి చివరిదాకా వెళ్ళొస్తారు. అరగంట. ఆ అరగంటలో నేను సీలు గీకేసి, కడ్డీ వెనక్కి జరిపి, మళ్ళీ సీలు వేసేదాన్ని. సీసా ఆయన జేబులో ఉండేది కాబట్టి నేనొకటి కొన్నాను. అదే ఎరుపు కావాలని షాపులో మూడు రంగులు మూడు గోళ్ళకి వేసుకుని మరీ చూశాను. "ఇంట్లో ఏదైనా ఫంక్షనా?" అంది షాపావిడ. ఆహా, గొప్ప ఫంక్షను!

రోజుకి మూడు స్క్రూల చొప్పున నాలుగు రోజులు. ఆయన తిరిగొచ్చి నొక్కి, "ఇంకా మందంగానే ఉందేంటి?" అనేవారు. నేను వెనక నుంచి "సరిపోయింది మామయ్యా, బాగానే ఉంది" అనేదాన్ని. బాగానే ఉంది! మా షెడ్డులో చెల్లని మాట. ఆయన దాన్ని పట్టుకోకపోవడమే విచిత్రం.

ఐదో రోజు నేను గుడ్డ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళేసరికి ఆయన ఆర్గన్ వెనక, నా చోట్లో ఉన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి తెచ్చుకుని, టార్చి లోపలికి వేసి చూస్తున్నారు.

"సీసా మార్చావా?" అన్నారు.

"ఏ సీసా?"

"నాది కమిలిన రంగు. ఇది నిగనిగలాడుతోంది." ఒక్కో స్క్రూ మీద టార్చి జరుపుతూ వెళ్ళారు. "పన్నెండూనా?"

నేను గుడ్డ నలుపుతూ నిలబడ్డాను. గోళ్ళ సందుల్లో ఇంకా ఆ ఎరుపు ఉంది. ఆయన అది కూడా చూశారు. టార్చి ఆర్పి, బల్ల మీద పెట్టి, నెమ్మదిగా లేచి చెప్పులేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఒక్క కేక వేసినా బాగుండేది.

మూడు రోజులు ఆయన షెడ్డు గడప తొక్కలేదు. వసారాలో కుర్చీ వేసుకుని పేపరు తెరిచి పట్టుకునేవారు, పేజీ తిప్పేవారు కాదు. అన్నం పెడితే తిన్నారు, పలకరిస్తే ఊ అన్నారు. అత్తయ్య నన్ను వంటింట్లోకి లాగి, "నువ్వు వెళ్తావా, నన్ను వెళ్ళమంటావా? నేను వెళ్తే ఏడుస్తాను, పని చెడుతుంది" అంది.

వెళ్ళాను. కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"మామయ్యా, మీకు పై పన్నెండు మెట్లూ వినపడట్లేదు."

"ఏంటీ? వినపడలేదు."

గొంతు పెంచి మళ్ళీ చెప్పాను. సగంలో ఉండగా ఆయన మీసం కదలడం కనిపించింది. నన్ను ఆట పట్టిస్తున్నారు! ఏడుపూ నవ్వూ కలిసి నా ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది.

"అది మాత్రం వినపడింది" అన్నారు ఆయన.

పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నాకు కిందటేడే అనుమానం వచ్చింది అమ్మాయ్. మెట్టు టక్కుమనడం వినపడుతోంది, వేలికి తెలుస్తోంది, స్వరం మాత్రం పల్చగా వచ్చేది. వాననుకున్నా. రేకులనుకున్నా. ఆర్గనే మందంగా ఉందనుకున్నా. తర్వాత్తర్వాత అదీ రాలేదు."

"మరి ఉంది ఉంది అనేవారెందుకు?"

ఆయన నా వైపు తిరిగారు.

"నువ్వు వెనక ఉన్నావుగా. స్వరం రాకపోతే నువ్వంటావు కదా లేదని. నువ్వేం అనట్లేదు కాబట్టి ఉందనుకున్నా. నీ చెవి చూసుకునే నేను ఉంది అంటున్నానే."

ఆయన్ని కాపాడుతున్నాననుకుంటూ అన్ని రోజులూ ఆయన కాలి కింద నుంచి మెట్టు లాగేశాను. ఆయన బాధపడతారని నోరు మూసుకున్నాను గానీ, నా మౌనం మీదే ఆయన నిలబడి ఉన్నారని నాకు తట్టలేదు. తల వంచుకుని ఏడ్చాను, బాగా ఏడ్చాను.

"మీరు బాధపడతారని..." అన్నాను.

"నా బాధ మీ అత్తయ్య చూసుకుంటుంది. ఆవిడకదే పని. షెడ్డులో మాత్రం లేనిదాన్ని లేదు అను. అంతే." అని లేచి, "పద, నా పన్నెండు సీళ్ళు గీకేశావు, నీ పన్నెండూ నేను గీకేస్తా" అన్నారు.

ఆ మధ్యాహ్నమే నా సీళ్ళన్నీ గీకేశాం. కడ్డీలు ఆయన జరిపారు, ఎక్కడ ఆపాలో నేను చెప్పాను. ఆయన చెయ్యి వణకదు, నా చెయ్యి వణుకుతుంది. ఈ లెక్కన మేమిద్దరం కలిస్తే ఒక మంచి మనిషి. పై పన్నెండింటికీ సీలు మాత్రం వెయ్యలేదు. హాల్లో విన్నాక వేద్దామన్నారు. వేసేది ఎవరో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

హాలు తెరిచే రోజు ఎండ కాసింది. కొత్త సున్నం వాసన, వరసగా కుర్చీలు. సెక్రటరీ చేతులు కట్టుకుని వేదిక పక్కన నిలబడ్డాడు, అతని వెనక గోడకి ఆనించి అట్టపెట్టెలో కొత్త కీబోర్డు. టీచరమ్మ మొదటి వరసలో కూర్చుంది. పాడేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వెనక సర్దుకుంటున్నారు.

మామయ్య మెట్ల ముందు కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను. మోటారు వేగం అందుకునేదాకా ఆగి, కింది నుంచి మొదలుపెట్టారు.

"ఉంది... ఉంది... ఉంది..."

ఆ గొంతు హాలంతా ఖణీమని వినపడుతోంది. మధ్య మెట్లు దాటాం. పైకి వెళ్ళాం. చివరి పన్నెండు వచ్చేసరికి ఆయన వేలు మెట్టు మీద ఆగింది. నొక్కారు. తర్వాత పెట్టె పక్కకి వంగి, ఇన్నేళ్ళలో మొదటిసారి నా మొహం చూస్తూ అడిగారు.

"ఉందా?"

"ఉంది" అన్నాను.

తర్వాతిది. "ఉందా?"

"ఉంది."

సెక్రటరీ చేతులు విప్పి ముందుకొచ్చాడు. "ఏంటండీ ఇది? మీకు వినపడదా?"

టీచరమ్మ చేతిలో కాగితాలు ఆగిపోయాయి. నేను ఏదో అనబోయాను. మామయ్య నాకంటే ముందే అందుకున్నారు.

"పైవి వినపడవండీ. మా కోడలికి వినపడతాయి. అందుకే ఇద్దరం వచ్చాం" అని, అతను ఇంకేమైనా అంటాడేమోనని ఆగి, మళ్ళీ మెట్ల వైపు తిరిగారు. "ఉందా?"

"ఉంది."

అలా పదకొండు. ఆఖరి మెట్టు నొక్కారు. టక్కుమంది. అంతే.

సెక్రటరీ చూస్తున్నాడు. అట్టపెట్టె చూస్తోంది. ఒక్క మెట్టు, అదీ చిట్టచివరిది. ఎవరు నొక్కుతారు దాన్ని? ఉందంటే పోయేదేముంది?

"ఉందా?" అన్నారు మామయ్య.

"లేదు మామయ్యా."

ఆయన మొహం విప్పారింది. నిజంగానే. పరీక్షలో పాసైనట్టు నన్ను చూసి, "అయితే వెతుకు" అన్నారు. ఆర్గన్ తెచ్చిన వ్యాను కుదుపుకి వైరు ఊడింది. అతకడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఈలోగా టీచరమ్మ సెక్రటరీతో, "లేనిదాన్ని లేదన్నవాళ్ళు ఉందంటే నమ్మొచ్చు బాబూ, కూర్చో" అంది. అతను కూర్చున్నాడు.

మామయ్య ఆఖరి మెట్టు మళ్ళీ నొక్కారు.

"ఉందా?"

"ఉంది."

ఆయన వేలు తియ్యలేదు. స్వరం సన్నగా, నిలకడగా, పైకప్పు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. వెనక పాడేవాళ్ళలో ఎవరో తలెత్తి చూశారు. ఎవరూ చెవులు మూసుకోలేదు. మామయ్య వింటున్నట్టే కూర్చున్నారు. కాసేపటికి, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగారు.

"ఎలా ఉంది అమ్మాయ్?"

ఆరేళ్ల కింద మొదటి రోజు ఆయన నన్ను షెడ్డులో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఇలాంటి మెట్టే ఒకటి నొక్కి, ఎలా ఉందని అడిగారు. అప్పుడు నాకు జవాబు తెలియక నవ్వాను.

"ఆ రోజు మీరు వినిపించినట్టే ఉంది" అన్నాను.

ఆయన తల ఊపారు. ఇంకొంచెం సేపు మెట్టు నొక్కి ఉంచి, వేలు తీశారు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి, కమిలిన ఎరుపు సీసా తీసి, పెట్టె మీదుగా నా వైపు చాపారు.

"అయితే సీలు వెయ్యి" అన్నారు.